మొండి బోల్టుకు బెజవాడ మందు!

పానా జారుతుంది. వేళ్లు దోక్కుపోతాయి. బోల్టు మాత్రం ఇసుమంతైనా కదలదు. ఇంటి ముందు కారు కింద దూరి సొంతంగా మరమ్మతు చేద్దామనుకున్నవాళ్లకు ఏదో ఒక ఆదివారం తప్పని అనుభవమిది. అలాంటి మొండి బోల్టుల్ని దారికి తేవడమే బతుకుదెరువుగా ఉన్న పేట ఒకటుంది. అదే బెజవాడ ఆటోనగర్‌. అక్కడికి వెళ్తే తెలుస్తుంది... బోల్టు విప్పడానికి కావాల్సింది కండబలం ఒక్కటే కాదని!

వరద వెళ్లింది... తుప్పు మిగిలింది

విజయవాడ సింగ్‌నగర్‌లోని ఓ ఇంటి ముందు తెల్లరంగు చిన్న కారు. వయసు పాతికేళ్ల పైమాటే. రిటైరైన డ్రాయింగు మాస్టారిది. ఆయన కొడుకు బ్యాంకు ఉద్యోగి. డ్రైవింగు నేర్చుకున్నదీ, పెళ్లయ్యాక భార్యను తొలిసారి ఇంటికి తీసుకొచ్చిందీ ఆ కారులోనే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు పేటతో పాటే ఆ కారూ మునిగింది. సీట్ల దాకా నీళ్లు. రోజుల తరబడి బురదలోనే నిలబడింది. ఆ వరదలో నగరంలో దెబ్బతిన్న వాహనాలు వేలల్లోనే ఉన్నాయి. నీళ్లు తీశాక తండ్రీకొడుకులు ఇంజిను బాగుచేయించారు. సీట్లు మార్పించారు. అడుగున ఉన్న బోల్టుల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అవి మాత్రం వరదను మరచిపోలేదు!

కొన్నాళ్లకు గుంత తగిలినప్పుడల్లా ముందు కుడి చక్రం దగ్గర ‘టక్‌... టక్‌’మని చప్పుడు మొదలైంది. లోయర్‌ ఆర్మ్‌ బుష్‌ అరిగిపోయిందని తేలింది. చక్రాన్ని కారు చట్రంతో కలిపే ఇనుప చెయ్యి లాంటిది లోయర్‌ ఆర్మ్‌. అది చట్రాన్ని పట్టుకునే చోట కుదుపుల్ని మింగడానికి రబ్బరు బుష్‌ ఉంటుంది. ఆ బుష్‌ మధ్యలో ఇనుప గొట్టం, ఆ గొట్టంలోంచి గుచ్చిన పొడవాటి బోల్టు. బుష్‌ ఖరీదు తక్కువే. మార్చడమూ పెద్ద పని కాదు... బోల్టు వస్తే!

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్‌ పొడిగించుకోవాలి. దానికి ఫిట్‌నెస్‌ పరీక్ష నెగ్గాలి. మాస్టారి కారుకు ఆ గడువు పది రోజుల్లో ఉంది. చుట్టాలంతా ‘తుక్కు కింద ఇచ్చేయండి’ అని సలహా ఇచ్చేశారు. మాస్టారు ఒప్పుకోలేదు. కొడుకు జాకీ తీశాడు.

పైపు పెట్టినా ఫలితం లేదు

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి పని మొదలైంది. పదిన్నరకి కొడుకు చొక్కా తడిసి ముద్దయింది. నట్టు కదలలేదు. పానా చివర ఇనుప గొట్టం తొడిగి పొడుగు పెంచాడు. పొడుగు పెరిగితే బలం పెరుగుతుందన్నది హైస్కూలు పాఠమే. కానీ అతని చేతిలో ఉన్నది ఏ సైజుకైనా సరిపెట్టుకునే స్క్రూ పానా. దాని దవడలు బోల్టు తలను రెండే పలకల మీద పట్టుకుంటాయి. గట్టిగా లాగగానే జారింది. ఆరు పలకల తల కాస్తా గుండ్రటి గుండీలా తయారైంది. మోచెయ్యి చట్రానికి కొట్టుకుంది.

ఇంకా పొడవైన గొట్టం కోసం లేచిన కొడుకును మాస్టారు ఆపారు.

‘‘ఇంక వద్దు నాన్నా. విరిగితే మనం తియ్యలేం. ఉన్నదున్నట్టు బిగించేసి రేపు ఆటోనగర్‌ తీసుకెళ్దాం.’’

నిజానికి ఆ రోజు జరిగిన పనుల్లోకెల్లా మంచి పని అదే.

లోపలేం జరుగుతుంది?

బోల్టు ఎందుకు ఇంత మొండికేస్తుంది? తప్పంతా తుప్పుదే. ఇనుము తుప్పుగా మారితే చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. కరిగిన ఇనుము కన్నా పుట్టిన తుప్పు రెండింతలకు పైగా ఉబ్బుతుంది. నట్టుకీ బోల్టుకీ మధ్య మరల సందు ఎంతని? వెంట్రుకంత. అందులో తుప్పు ఉబ్బితే రెండూ ఒకే ముక్కలా బిగిసిపోతాయి. దానికి వరద బురద తోడైతే చెప్పేదేముంది? బందరు వైపు బళ్లకు సముద్రపు ఉప్పుగాలి, పొలాల్లో తిరిగే బళ్లకు డెల్టా నల్లమట్టి. ఎవరి తుప్పు వారిది.

పైగా సస్పెన్షన్‌ బోల్టులు ఉండేది చక్రాల పక్కన, అడుగున. వాన నీళ్లు, బురద, రాళ్లు ముందు తగిలేది వాటికే. ఏళ్ల తరబడి ఎవరూ వాటి మొహం చూడరు.

పేర్లలోనే పానా వాసన

బెంజి సర్కిల్‌, స్క్రూ బ్రిడ్జి... బెజవాడలో కూడళ్లకూ వంతెనలకూ కూడా మెకానిక్‌ షెడ్డు వాసన ఉన్న పేర్లే! అందుకు తగ్గట్టే ఉంటుంది ఊరి తూర్పున బందరు రోడ్డు పక్కనున్న జవహర్‌ ఆటోనగర్‌. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్‌-మచిలీపట్నం రహదారి కలుసుకునే ఊరు ఇది. లారీలు ఆగే చోట వాటిని బాగుచేసే చేతులూ చేరతాయి. అలా 1960ల నాటి నుంచి షెడ్డు పక్క షెడ్డుగా పెరిగిన పేట ఇది.

గేటు దాటి లోపలికి వెళ్తే మొదట పలకరించేవి చప్పుళ్లు. ఒక వీధిలో లారీ క్యాబిన్లకు చెక్క కొట్టే సుత్తుల మోత. ఇంకో వీధిలో రేకు కోసే కత్తెర్ల కీచుమోత. మరో చోట కమాను కట్టలు కాల్చి వంచే కొలిమి. రేడియేటర్లకు మాటు వేసేవాళ్లు, లేతు మిషన్లు తిప్పేవాళ్లు, లారీల వెనక పూలూ చిలకలూ గీసే పెయింటర్లు... ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. లారీ ఒక చివర అస్థిపంజరంలా వచ్చి, రెండో చివర పెళ్లికూతురులా బయల్దేరుతుందంటారు ఇక్కడి వాళ్లు. కాఫీ హోటళ్ల బల్లల మీద కూడా గ్రీజు వేలిముద్రలే.

ఈ హడావుడిలో పెద్దగా కనపడనిది బోల్టులు విప్పే విద్య. దానికంటూ ప్రత్యేకంగా బోర్డు ఉండదు. ‘ఇరుక్కున్న బోల్టులు తీయబడును’ అని ఎక్కడా రాసి ఉండదు. కానీ ప్రతి వీధిలోనూ ఒక పెద్ద మేస్త్రి ఉంటాడు. మిగతా షెడ్లవాళ్లు కూడా చేతులెత్తేస్తే బండి అతని దగ్గరికే తోస్తారు.

తొందరపడని వైద్యుడు

సోమవారం ఉదయం మాస్టారి కారు నెమ్మదిగా అలాంటి షెడ్డు ముందే ఆగింది. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కారు కింద టార్చి వేసి చూశాడు. గుండ్రమైపోయిన బోల్టు తలను బొటనవేలితో తడిమాడు.

‘‘స్క్రూ పానా పెట్టారా బాబూ?’’

కొడుకు మాట్లాడలేదు.

‘‘పర్లేదు, ఇరవకుండా ఆపేశారు. సగం పని మీరే చేశారు.’’

వైద్యం మొదలైంది. ముందు కారును ఎత్తి చట్రం కింద ఇనుప స్టాండ్లు పెట్టారు. తర్వాత కుర్రాడు ఇనుప బ్రష్షుతో మరల మీది మట్టినీ తుప్పునూ రుద్దాడు. మట్టి పోకుండా నూనె పోస్తే అది మట్టికే గానీ మరకు అందదు. ఆ పైన తుప్పు నూనె చల్లారు. పల్లెటూళ్లలో కిరోసిన్‌, డీజిలు పోసేదీ ఇందుకే. పల్చటి నూనె దీపపు వత్తిలోకి పాకినట్టు మరల సందుల్లోకి పాకుతుంది. కానీ దానికి టైమివ్వాలి. ఇళ్లలో చేసేవాళ్లు నూనె చల్లిన మరుక్షణమే పానా పట్టుకుంటారు. ఇక్కడ అలా కాదు. నూనె కొట్టి, టీ తాగి, వేరే బండి పని చూసుకుని, మళ్లీ నూనె కొట్టారు. వీలుంటే ముందురోజు రాత్రే కొట్టి వదిలేయడం ఇంకా మంచిది.

రంగంలోకి సుత్తి దిగింది. నట్టు మీద దబదబ బాదడం కాదు. పక్కన ఒక సుత్తి ఆన్చి, ఎదురువైపు నుంచి రెండో సుత్తితో ‘ఠంగు ఠంగు’మని లెక్కగా దెబ్బలు. ఆ అదురుకు లోపలి తుప్పు పెళుసుగా చిట్లుతుంది. నూనె వెళ్లడానికి దారి దొరుకుతుంది.

వెంట్రుకంత వేడి

నట్టు ఇంకా కదల్లేదు. మేస్త్రి గ్యాస్‌ మంట తెప్పించాడు. అంతకు ముందే బ్యాటరీ తీగ ఊడదీయించాడు. బ్రేకు గొట్టాన్ని విప్పకుండానే పక్కకు లాగి కట్టించి, దగ్గరలోని రబ్బరు తొడుగులకు తడిగుడ్డ చుట్టించాడు. బకెట్‌తో నీళ్లు పక్కనే పెట్టించాడు. చల్లిన నూనెను గుడ్డతో శుభ్రంగా తుడిపించాడు. మంట ముందు నూనె మరకలు ఉండకూడదు కదా!

మంట పెట్టేది బోల్టుకు కాదు, నట్టుకు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది. 20 మిల్లీమీటర్ల నట్టు 300 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.07 మిల్లీమీటరు. అంటే మన తలవెంట్రుక మందం! చూడ్డానికి ఏమీ లేదు. కానీ తుప్పు పట్టు వదలడానికి ఆ వెంట్రుక చాలు.

బోల్టు తల గుండ్రమైపోయింది కదా, రెండోవైపు తిరగకుండా పట్టుకునేదెట్లా? దానికీ ఉపాయముంది. తల మీద ఒక కొత్త నట్టు ఆన్చి, మధ్య రంధ్రంలోంచి వెల్డింగు పోశారు. గుండ్రటి తలకు మళ్లీ ఆరు పలకలు వచ్చాయి! ఇప్పుడు దానికి ఆరు పలకల సాకెట్టు తొడిగారు. నట్టును ముందు విప్పేవైపు తిప్పలేదు. బిగించేవైపు రవ్వంత తిప్పాడు మేస్త్రి. ‘కిర్రు’మంది. అప్పుడు విప్పేవైపు పావు చుట్టు. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకు. తుప్పు పొడి రాలుతుంటే నూనె చుక్క. ఇంట్లో గంటన్నరలో కదలని నట్టు ఇక్కడ పది నిమిషాల్లో అరచేతిలో పడింది.

నట్టు వచ్చింది... బోల్టు రాలేదు!

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. బోల్టు తలను తిప్పితే కొంచెం తిరుగుతుంది, వదిలితే స్ప్రింగులా వెనక్కి వచ్చేస్తుంది. సుత్తితో కొడితే లోపలికి వెళ్లినట్టే వెళ్లి తిరిగి తన్నుతుంది. చూసేవాళ్లకు దయ్యం పట్టిందేమో అనిపిస్తుంది. మేస్త్రికి మాత్రం వెంటనే అర్థమైంది. బోల్టు ఇరుక్కున్నది మరల దగ్గర కాదు. బుష్‌ మధ్యలోని ఇనుప గొట్టంలో. ఆ రెండూ తుప్పుతో ఒకటైపోయాయి. తిప్పినప్పుడు తిరుగుతున్నది బోల్టు ఒక్కటే కాదు, గొట్టం కూడా. దాని చుట్టూ ఉన్న రబ్బరు మెలిపడి మళ్లీ వెనక్కి లాగేస్తోంది. సొంతంగా మరమ్మతు చేసుకునేవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. ‘తిరుగుతోందిగా, వచ్చేస్తుంది’ అని మధ్యాహ్నం దాకా తిప్పుతూనే ఉంటారు.

ఇంక మంట పనికిరాదు. వేడిచేస్తే రబ్బరు అంటుకుంటుంది. నల్లటి పొగ, చెడ్డ వాసన తప్ప లాభం లేదు. మేస్త్రి ఒక్కటే మాట అన్నాడు.

‘‘కోసేద్దాం సార్‌.’’

మాస్టారి మొహంలో సందేహం. బోల్టు కోస్తే కారుకు ఏమవుతుంది? ఏమీ కాదు. బుష్‌ ఎలాగూ మార్చాల్సిందే. బుష్‌కీ చట్రపు చెవికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అక్కడ రంపపు బ్లేడు పెట్టి రెండువైపులా కోస్తే ఆర్మ్‌ మొత్తం కిందికి వచ్చేస్తుంది. చట్రానికి గీత పడకూడదు, అంతే. చెవి మీద కోత పడితే అది బోల్టు కాదు, కొత్తది కొనుక్కోవడానికి! అందుకే మేస్త్రి గ్రైండరు పక్కన పెట్టి, చేత్తో హాక్సా బ్లేడు పట్టాడు. రెండు కోతలకు ముప్పావు గంట పట్టింది. ఊడొచ్చిన ఆర్మ్‌లోంచి పాత బుష్‌ను ప్రెస్సు మిషను మీద నొక్కి తీసి, కొత్తది ఎక్కించారు.

మరలు పోయినప్పుడు వేరే మార్గాలుంటాయి. నట్టు మరలు అరిగితే నట్టు మార్చేస్తారు. చట్రానికే అతికి ఉన్న నట్టులో మర పాడైతే మొదట ట్యాపు దించి శుభ్రం చేస్తారు. అప్పటికీ బోల్టు పట్టకపోతే రంధ్రాన్ని పెద్దది చేసి లోపల స్ప్రింగులాంటి కొత్త మర కూర్చుతారు. బోల్టు లోపలే విరిగితే నట్టనడుమ చిల్లు పెట్టి, ఎదురు మరలున్న పుల్లతో తిప్పి తీస్తారు. ఆ పుల్ల కూడా లోపలే విరిగిందో... అది డ్రిల్లుకు లొంగనంత గట్టి ఉక్కు. ఇక లేతు షాపు వాళ్లే దిక్కు.

తల మీద రాత

కోసేసిన బోల్టు స్థానంలో కొత్తది కావాలి. కొడుకు పక్క కొట్టులో అదే పొడవు, అదే లావు బోల్టు తెచ్చాడు. మెరిసిపోతోంది. మేస్త్రి దాని తల చూసి వెనక్కి ఇచ్చేశాడు. దాని మీద అంకెలు లేవు!

సస్పెన్షన్‌ బోల్టుల తల మీద 8.8 అనో 10.9 అనో చెక్కి ఉంటుంది. అది కంపెనీ నంబరు కాదు, బోల్టు జాతకం. 8.8 అంటే ఒక చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు వచ్చేదాకా తెగదని మొదటి అంకె చెబుతుంది. అందులో 80 శాతం దాకా సాగినా తిరిగి యథాస్థితికి వస్తుందని రెండోది చెబుతుంది. 10.9 అంటే ఇంకా గట్టిది. గేటుకో, బీరువాకో వాడే మామూలు బోల్టు ఇందులో సగం బలం కూడా ఉండకపోవచ్చు. చూడ్డానికి మాత్రం కవల పిల్లలే!

అందుకే ఎంత పొదుపు చేసే ఇల్లాలైనా, ఎంత గట్టి బేరగాడైనా ఇక్కడ రాజీ పడకూడదు. తెగిన సస్పెన్షన్‌ బోల్టును వెల్డింగుతో అతికించి ఇమ్మనేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. మంచి మేస్త్రి ఒప్పుకోడు. బాగా కాల్చిన బోల్టును కూడా మళ్లీ వాడనివ్వడు. ఎక్కువ వేడి తగిలితే ఉక్కు పదును పోతుంది. తాళం వేసినట్టు పట్టుకునే నైలాన్‌ నట్టు ఒకసారి విప్పితే దాని పని అయిపోయినట్టే. రహదారి మీద ఎనభై కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క బోల్టు తెగితే చక్రం అడ్డం తిరుగుతుంది. లోపల కూర్చున్నది మన పిల్లలే!

కొడుకు రెండోసారి వెళ్లి, విడిభాగాల కొట్లో ఆ కారుకే సరిపడే బోల్టు, నట్టు తెచ్చాడు. రూపాయల్లో తేడా కొద్దే.

ఇంట్లో చేసేవారికి...

మరమ్మతు నేర్చుకోవాలన్న సరదా మంచిదే. కాకపోతే కొన్ని జాగ్రత్తలు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకూడదు. చట్రం కింద స్టాండ్లు ఉండాల్సిందే. ఇటుకలు, రాళ్లు ఆసరా పెట్టొద్దు. అవి చెప్పకుండా పగులుతాయి.

తలకు సరిగ్గా సరిపోయే ఆరు పలకల రింగు పానా, సాకెట్టే వాడాలి. స్క్రూ పానా సస్పెన్షన్‌ దరిదాపులకు రాకూడదు.

కళ్లద్దాలు పెట్టుకోవాలి. తుప్పు రజను కంట్లో పడితే ఆస్పత్రికి పరుగే.

పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, షాక్‌ అబ్జార్బర్ల దగ్గర మంట పెట్టడం ఇంట్లో చేసే పని కాదు.

చుట్టల స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు లేకుండా షాక్‌ అబ్జార్బరు పైనట్టు విప్పొద్దు. ఆ స్ప్రింగులో ప్రాణాలు తీసేంత బలం దాగి ఉంటుంది.

పానా రెండుసార్లు జారిందంటే ఆగాలి. మూడోసారికి పోయేది బోల్టు తలే.

విప్పేవాణ్ని తలుచుకుని...

కొత్త బోల్టు ఎక్కించే ముందు మేస్త్రి దాని నడుముకు, అంటే గొట్టంలో ఉండే భాగానికి, పల్చగా గ్రీజు రాశాడు. మరలకు రాయలేదు. అక్కడ గ్రీజు పూస్తే నట్టు అవసరానికి మించి బిగుసుకుంటుంది. నట్టును చేత్తో పెట్టి, మొదటి నాలుగు చుట్లూ వేళ్లతోనే తిప్పాడు. మర అడ్డంగా పడితే వేళ్లకు తెలుస్తుంది గానీ పానాకు తెలియదు!

చివరి బిగింపు మాత్రం గాల్లో ఉండగా వేయలేదు. కారును దించి, బరువంతా చక్రాల మీద పడ్డాకే బిగించాడు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది. నేల మీదికి రాగానే ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. కొత్త బుష్‌ కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. ఆ కారుకు ఎంత బిగించాలో అంతే, కొలత చూపే పానాతో బిగించి, తల మీద తెల్ల పెయింటు గీత పెట్టాడు. గీత చెదిరితే నట్టు కదిలినట్టు లెక్క. వారం తిరిగాక ఓసారి చూసుకోమన్నాడు.

‘‘గ్రీజు ఎందుకు మేస్త్రీ? మళ్లీ ఇప్పుడప్పుడే విప్పం కదా’’ అన్నాడు కొడుకు.

‘‘మీరు విప్పరు బాబూ. ఎప్పుడో ఎవడో విప్పుతాడు. వాడు నన్ను తిట్టుకోకూడదు.’’

డబ్బులిచ్చి బయల్దేరుతుంటే మాస్టారు వెనక్కి వచ్చి, చెత్తలో పడున్న కోసిన బోల్టు ముక్క అడిగి తీసుకున్నారు. ఇంటికెళ్లాక దాన్ని జాకీ పెట్టెలో పడేశారు. స్క్రూ పానాను మాత్రం అందులోంచి తీసి వంటింటి గ్యాస్‌ పక్కన పెట్టారు. సిలిండరు వాషరు చూసుకోవడానికో, పంపు బిగించడానికో పనికొస్తుందట.

మర్నాడు కొడుకు ఎడమవైపు చక్రం దగ్గర కూర్చున్నాడు. ఆ వైపు బుష్‌ ఇంకా మార్చలేదు. పానా పట్టుకోలేదు. ఇనుప బ్రష్షుతో మట్టి రుద్ది, తుప్పు నూనె చల్లి, లోపలికి వెళ్లి కాఫీ అడిగాడు.

ఫిట్‌నెస్‌కు ఇంకా ఎనిమిది రోజులుంది. తొందరేముంది!